చుక్కలు తిరుగుతున్నంతసేపు

డన్‌మీర్, సస్కాచెవాన్
సెప్టెంబరు 9

తమ్ముడు టారస్‌కి,

ఉదయం ఐదూ నలభై. బడి ఆఫీసులో ఒక్కదాన్నే ఉన్నాను. కంప్యూటరు మీట నొక్కి కాగితం ముందేసుకున్నాను. తెర మీద తెల్ల చుక్కలు గుండ్రంగా తిరుగుతున్నాయి. అవి ఆగేదాకా వేరే పని లేదు, అందుకని నీకీ ఉత్తరం. నువ్వు చదువుకి నగరం వెళ్లినప్పుడు నెలకో ఉత్తరం రాయకపోతే బంగాళాదుంప కూరిన పెరోగీలు వండి పంపనని అమ్మ బెదిరించింది కదా. అమ్మ పోయినా ఆ అలవాటు పోలేదు కానీ ఈ మధ్య నాకే తీరిక ఉండేది కాదు. ఇప్పుడు నీ పుణ్యమా అని రోజూ తొమ్మిది నిమిషాలు దొరుకుతోంది.

వేసవి సెలవుల్లో మీ కంప్యూటర్ల విభాగం వాళ్లొచ్చి దీనికి కొత్త సిస్టమ్ ఎక్కించి పోయారు. అంతకుముందు నేను కోటు విప్పి కొక్కేనికి తగిలించేలోపు లేచి కూర్చునేది. అడుసు తొక్కనేల, కాలు కడగనేల? బాగున్నదాన్ని ఎవరు బాగుచెయ్యమన్నారు మిమ్మల్ని?

నవ్వులాటకి రాయడం లేదురా. నా పని నీకు తెలుసు. అయిదు బస్సులు, ముప్ఫై ఒక్క కుటుంబాలు. చలి మరీ ఎక్కువైన రోజు బస్సులు నడవవని తెల్లవారుజామునే తేల్చి, ఆరూ ముప్పావులోపు అందరికీ కబురు చెప్పాలి. వెనకటికి నేను ముగ్గురు తల్లులకి ఫోను చేస్తే వాళ్లు తలా ముగ్గురికి చేసేవాళ్లు. పావుగంటలో చుట్టుపక్కల పొలాలన్నిటికీ తెలిసిపోయేది. మీరు ఆ వరస మాన్పించి, యంత్రమే అందరికీ ఒకేసారి ఫోను చేసి చెబుతుందన్నారు. సరే. ఫోను మోగలేదంటే బస్సు వస్తున్నట్టే. ఇక్కడ ఒకటో తరగతి పిల్లకి కూడా తెలిసిన లెక్క అది.

ఇప్పుడంటే సెప్టెంబరు. జనవరిలో కూడా ఇది ఇలాగే ఒళ్లు విరుచుకుంటూ లేస్తే ఏం చెయ్యను? అయ్యవారు వచ్చేదాకా అమావాస్య ఆగదు.

చుక్కలు ఆగాయి. పేరు అడుగుతోంది. ఉంటాను.

మీ అక్క,
వెర్నా


సాస్కటూన్
సెప్టెంబరు 20

అక్కకి,

నీ ఉత్తరం చదివి మా ఆవిడా నేనూ పడీపడీ నవ్వుకున్నాం. కంప్యూటరును కూడా తిట్టగలిగే నోరు మన ఇంట్లో అమ్మ తర్వాత నీదే.

విషయం చిన్నది. ఆ పెట్టెలో ఉన్న డిస్కు పాతకాలంది. కొత్త సిస్టమ్ బరువు దానికి ఎక్కువ. ఉన్న పెట్టెలు చాలు, కొత్తవి కొననక్కర్లేదని మన బళ్లన్నిటినీ నడిపే బోర్డు ముందు చెప్పింది నేనే. నీ దగ్గర దాపరికం ఎందుకు? అన్ని బళ్ల సంగతీ చూడాలి కదా. వచ్చే వసంతంలో కొత్తవి వస్తాయి, మొదటి పేరు నీదే రాస్తాను. అందాకా కాగితం మీద ఫిర్యాదు మాత్రం పెట్టకు. ఈ విభాగానికి పెద్ద ఎవరన్నది ఈ ఏడే తేలుతుంది. ఆ మాటకి అర్థం నీకు విడమరిచి చెప్పక్కర్లేదు.

రాత్రిళ్లు దాన్ని ఆపకుండా వదిలెయ్, పొద్దున బాధ ఉండదు. ఇంకొకటి. ఫోను నంబర్ల కాగితం ఇంకా మీ గోడ మీదే ఉందని ప్రిన్సిపాల్ అన్నారు. తీసెయ్యక్కా. కబురుకి రెండు దారులుంటే ఎవరికి చెప్పారో ఎవరికి చెప్పలేదో తెలియదు. యంత్రం చూసుకుంటుంది.

తమ్ముడు,
టారస్


డన్‌మీర్
నవంబరు 12

తమ్ముడు టారస్‌కి,

పదహారు నిమిషాలు. కావాలంటే గడియారం పంపిస్తాను, నువ్వే వచ్చి చూసుకో.

రాత్రి ఆపకుండా వదిలెయ్యమన్నావు. మా ఫ్రీసెన్ సంగతి నీకు తెలియదు. బడి ఊడ్చి తాళం వేసే మనిషి. ముప్ఫై ఏళ్లుగా సాయంత్రం గదిగదికీ తిరిగి వెలిగేదల్లా ఆర్పుతాడు, ప్లగ్గులు కూడా పీకుతాడు. దీన్ని వదిలెయ్యవయ్యా అంటే, "మనిషి లేని గదిలో మంట ఉండకూడదమ్మా. మా నాన్న కొట్టం అలాగే కాలిపోయింది" అంటాడు. చీటీ రాసి అంటించాను. చీటీ అలాగే ఉంచి ప్లగ్గు పీకాడు. ఒక్క ఫ్రిజ్ ప్లగ్గు మాత్రం ముట్టుకోడు, తన పాలసీసా అందులో ఉంటుంది.

నిన్న పొద్దున నా ట్రక్కు ఎక్కుతుంటే నాకొక ఉపాయం తట్టింది. ఇంజను గడ్డకట్టకుండా రాత్రి తీగ తగిలించి వేడి పెడతాం కదా, నాన్నది ఆ గంటల చక్రం ఉన్న టైమర్ ఇంకా నా దగ్గరే ఉంది. నాలుగున్నర దగ్గర మేకు గుచ్చితే నాలుగున్నరకే ట్రక్కు వేడెక్కడం మొదలయ్యేది. అదే టైమర్ ఫ్రిజ్ తగిలించిన చోటే పక్క కన్నంలో పెట్టి, దానికి ఈ కంప్యూటర్ తగిలిస్తే? నేను వచ్చేసరికి లేచి తయారుగా ఉండాలి. ఇంజనుకి పనికొచ్చింది దీనికెందుకు పనికిరాదు? కాకపోతే ఒకటే చిక్కు. కరెంటు వచ్చినా ఇది మీట నొక్కందే లేవదు. దానికేమైనా దారుందా?

నంబర్ల కాగితం తీసేశాను. గోడ మీద దాని మచ్చ మిగిలింది.

అక్క


సాస్కటూన్
నవంబరు 20

అక్కకి,

శభాష్. ఇంజనీరింగు చదివిన వాళ్లు నా కింద అరడజను మంది ఉన్నారు, ఒక్కడికీ ఈ ఆలోచన రాలేదు. నాన్న ఉంటే నీ భుజం తట్టేవాడు.

దారుంది. మీట నొక్కిన వెంటనే పైవరసలో F2 అని ఉన్న మీటను టకటకా కొడుతూ ఉండు. నీలం తెర వస్తుంది. అందులో కరెంటు సంగతులు ఉన్నచోట, కరెంటు పోయి వచ్చాక ఏం చెయ్యాలని అడుగుతుంది. "ఆగి ఉండు" అని ఉన్నదాన్ని "లేచి పనిచెయ్" అని మార్చు. సాయంత్రం నువ్వు పద్ధతిగా ఆపేశాకే టైమర్ కరెంటు తీసేలా చూసుకో, అంతే.

రూలు ప్రకారం ఆ అమరికలు మా విభాగం వాళ్లే ముట్టుకోవాలి. నువ్వు నా అక్కవి కాబట్టి విభాగం నువ్వే అనుకో. ఎవరికీ చెప్పకు.

తమ్ముడు,
టారస్


డన్‌మీర్
జనవరి 14

తమ్ముడు టారస్‌కి,

ఐదూ నలభై ఐదు. బయట మైనస్ నలభై నాలుగు. ఆకాశంలో మబ్బు తునక లేదు, చుక్కలన్నీ కనిపిస్తున్నాయి. చలి ఇలా నంగనాచిలా ఉన్న రోజే మనుషుల్ని తినేస్తుంది. బస్సులు నడవవని తేల్చేశాను. అయిదుగురు డ్రైవర్లకీ ఫోను చేశాను, మళ్లీ దుప్పట్లో దూరారు. తల్లుల సంగతి మాత్రం యంత్రం చూసుకోవాలి.

చూస్తే అది లేవనే లేదు. రాత్రి ఎక్కడో తీగ తెగి రెండు గంటలు కరెంటు పోయిందట. టైమర్ చక్రం తిరిగేది కరెంటుతోనే కదా. అదీ రెండు గంటలు నిద్రపోయి, ఇప్పుడింకా మూడూ ముప్పావే అనుకుంటోంది. పీకి పక్కన పెట్టి, నేరుగా గోడకి తగిలించి మీట నొక్కాను. ఇరవై రెండు నిమిషాలు. పర్లేదు, వేళకి అందుతుంది.

ఆరూ నాలుగు. లైట్లు ఒకసారి రెపరెపలాడాయి. కంప్యూటరు ఆరిపోయి మళ్లీ మొదటికొచ్చింది. ఇప్పుడు చుక్కలు కూడా లేవు, డిస్కు సరిచూస్తున్నాను, ఆపవద్దు అంటోంది. నూటికి రెండు వంతులయిందట.

కూర్చున్నాను కాబట్టి అడుగుతున్నాను, ఆరో తారీకు రాత్రి, పాత పంచాంగం ప్రకారం మన క్రిస్మస్ ముందురోజు విందుకి ఎందుకు రాలేదు? పన్నెండు వంటకాలూ చేశాను. గోధుమ, తేనె, గసగసాల కుత్యా నీకిష్టమని పెద్ద గిన్నె నిండా కలిపాను. నీ కుర్చీ ఖాళీగా పెట్టుకుని నేనూ ఎదురింటి ముసలావిడా తిన్నాం. మీటింగు ఉందని ఫోను చేశావు. పండగపూట నీతో మీటింగు పెట్టేవాడెవడురా?

ఆరూ ఇరవై ఒకటి. పదకొండు వంతులు.

ఫోనందుకుని తల్లులకి వరసగా చేసేద్దామా అనిపించింది. ముప్ఫై ఒక్క నంబర్లూ నాకు నోటికి వచ్చు. కానీ సగం మందికి నేను చెప్పాక ఇది లేచి అందరికీ మళ్లీ చెబితే, అదిగో గందరగోళం అంటావు. ప్రిన్సిపాల్ కూడా పోయిన నెల ఇదే మాట మీద మొహం ముడుచుకున్నారు. ఇంకో అయిదు నిమిషాలు చూస్తాను.

ఆరూ నలభై. అరవై వంతులు. పరుగెత్తుతోంది, ఇక అయిపోతుంది.

ఆరూ యాభై రెండు. చుక్కలొచ్చాయి. ఈ దిక్కుమాలిన చుక్కల్ని చూసి ఇంత సంతోషిస్తానని ఎప్పుడూ అనుకోలేదు.

ఏడూ నాలుగు. పేరు అడుగుతోంది. కబురు పంపేస్తున్నాను. కాస్త ఆలస్యం, అంతే. ఉంటాను.

అక్క


డన్‌మీర్
జనవరి 19

టారస్,

నీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. నా నోటితో కూడా విను.

సవాట్స్కీ వాళ్ల అమ్మాయి జోరీ. తొమ్మిదేళ్లు. తండ్రి గనిలో పని, రెండు వారాలకోసారి ఇంటికొస్తాడు. తల్లి టామ్సిన్ ఆసుపత్రిలో నర్సు, ఆరింటికే వెళ్లిపోతుంది. ఆ రోజు అక్కడే ఆరూ ముప్పావు దాకా చేతిలో ఫోను పట్టుకునే కూర్చుందట. మోగలేదు. ఆరూ యాభైకి ఇంటికి ఫోను చేసి, "బస్సు వస్తోందమ్మా, తలుపు లాగేసి వెళ్లు" అని కూతురికి చెప్పింది. ఫోను అరలో పెట్టి తాళం వేసి పనిలోకి పోయింది. ఏడూ నాలుగుకి నేను పంపిన కబురు ఆ అరలో మోగింది.

పిల్ల రోడ్డు దాకా నడిచి నిలబడింది. బస్సు రాలేదు. ఎంతకీ రాకపోయేసరికి వెనక్కి వచ్చింది. తలుపుకి తాళం పడిపోయి ఉంది. తాళంచెవి తిప్పడానికి కుడిచేతి తొడుగు తీసింది. తాళం గడ్డకట్టి తిరగలేదు. అలా ఎంతసేపు ప్రయత్నించిందో దానికే తెలియదు. ఏడూ ముప్పావుకి ఫ్రీసెన్ బడికి వస్తూ, గుమ్మంలో ముడుచుకుని కూర్చున్న పిల్లని చూసి ట్రక్కు తిప్పాడు. నేను రోజూ తిట్టుకునే ఫ్రీసెన్.

ప్రాణం దక్కింది. కుడిచేతి మూడు వేళ్లు చలి కొరికేసింది. కొసలు తీసేశారు.

నిన్న ఆసుపత్రికి వెళ్లాను. టామ్సిన్ నన్ను తిట్టలేదు. "వెర్నా, నువ్వు ఆఫీసులో ఉన్నావా ఆ టైముకి?" అని ఒక్కటే అడిగింది. ఉన్నానన్నాను. "మరి ఏం చేస్తున్నావు?" అంది. చెప్పకుండానే వచ్చేశాను. ఏం చేస్తున్నానో నీకు తెలుసు. నీకు ఉత్తరం రాస్తున్నాను. కుత్యా తినడానికి రాలేదని దెప్పుతున్నాను. రాసినదాన్ని అప్పుడే కవరులో పెట్టి టపా సంచిలో పడేశాను, ఏం జరిగిందో తెలియక ముందే.

ఆ ఇంటి నంబరు అడుగు, నిద్రలో కూడా చెబుతాను.

వెర్నా


సాస్కటూన్
జనవరి 27

అక్కా,

నీ రెండు ఉత్తరాలూ ఒకేరోజు అందాయి. చాలా బాధగా ఉంది. నాకూ పిల్లలున్నారు.

అయితే చేతులు కాలాక ఆకులు పట్టుకుని లాభం లేదు, ఇకమీదట ఏం చెయ్యాలో చూద్దాం. బోర్డు వాళ్లు విచారణ సంఘం వేశారు. టైమర్ సంగతి బయటపడింది, ఫ్రీసెన్ చూపించాడట. నిన్ను అడుగుతారు. అది నీ ఆలోచనే అని చెప్పు. నీ ఆలోచనే కదా, అబద్ధం ఆడమనడం లేదు. F2 సంగతి నీకెలా తెలిసిందంటే ఎక్కడో చదివానని చెప్పు. నేను నవంబరులో రాసిన ఉత్తరం ఉంటే కాల్చెయ్.

నువ్వు ఇంకో రెండేళ్లలో ఎలాగూ పని మానేదానివే. నా సంగతి అలా కాదు. ఇద్దరం మునిగితే ఎవరికి ఉపయోగం? అన్నీ సద్దుమణిగాక నీకు నేనున్నాను.

టారస్


డన్‌మీర్
మార్చి 3

టారస్,

విచారణ అయింది.

సామెతలు బాగా గుర్తున్నాయి నీకు. చేతులు కాలాక ఆకులు అన్నావే, ఆ మాట ఒకసారి జోరీ ఎదురుగా నిలబడి అను. ఎడమచేత్తో పేరు రాయడం నేర్చుకుంటోంది.

నీ నవంబరు ఉత్తరం కోటు జేబులో పెట్టుకునే వెళ్లాను. చూపించాలనా, వద్దనా, గుమ్మం దాటేదాకా తేల్చుకోలేదు. ముగ్గురు కూర్చున్నారు. మధ్యలో ఉన్నావిడ ఒక కాగితం నా ముందుకి జరిపింది. నా చేతిరాత. పద్నాలుగో తారీకు నేను నీకు రాసిన ఉత్తరం, నకలు తీసి పెట్టారు. ఆరూ నాలుగు, ఆరూ ఇరవై ఒకటి, ఆరూ నలభై, టైములన్నిటి కిందా ఎర్రగీత. "ముప్ఫై ఒక్క నంబర్లూ నాకు నోటికి వచ్చు" అన్న వాక్యం కింద రెండు గీతలు.

"ఇది మీరు రాసిందేనా?" అంది. నేనే రాశానన్నాను. "నంబర్లు నోటికి వచ్చి కూడా చెయ్యలేదా?" అంది. లేదన్నాను. ఆ పొద్దున అక్కడ నువ్వు లేవు, నేనున్నాను. ఫోను నా చేతికి అందేంత దూరంలో ఉంది. ఇంకో అయిదు నిమిషాలు చూస్తానని కూర్చున్నది నేను. దాన్ని నీ నెత్తిన రుద్దను.

తర్వాత టైమర్ సంగతి అడిగారు. నా ఆలోచనే అన్నాను. F2 సంగతి ఎవరు చెప్పారన్నారు. నా చెయ్యి జేబులో ఉంది, నీ కవరు అంచు వేళ్లకి తగులుతోంది. చెప్పడం ఇష్టం లేదన్నాను. అది కూడా రాసుకున్నారు. నన్ను పనిలోంచి తీసేశారు. కొత్తావిడకి పని నేర్పేదాకా ఉండమన్నారు.

అమ్మ మనకి ఉత్తరాలు నేర్పింది ఇందుకు కాదురా. నేను నీకు ఒక్కడికే రాశాను.

వెర్నా


సాస్కటూన్
మార్చి 11

అక్కా,

కోపంలో ఉన్నావు, అర్థం చేసుకుంటాను. నా వైపు నుంచీ ఆలోచించు. ఈ విషయానికి సంబంధించిన కాగితాలన్నీ ఇవ్వమని మా విభాగాన్ని అడిగారు. ఇవ్వకపోతే దాచినట్టు అవుతుంది. ఆ పెట్టె ఎంతసేపటికి లేచిందో నిమిషాలతో సహా ఉన్న కాగితం అదొక్కటే. నిజానికి అది నీకే మేలు చేస్తుందనుకున్నాను, తప్పు యంత్రానిదని వాళ్లకి తెలుస్తుందని. నువ్వు రాసినవేమైనా ఉన్నాయా అని అడిగారు, ఇచ్చాను. నేను రాసినవాటి గురించి ఎవరూ అడగలేదు.

అక్కడ నువ్వు నా పేరు చెప్పలేదని విన్నాను. జన్మలో మరిచిపోను. పోయిన వారమే విభాగం నా చేతికి వచ్చింది. మొట్టమొదటి సంతకం మీ బడికి కొత్త కంప్యూటర్ కోసమే పెట్టాను.

రాయడం మానకు. మనకి ఇంకెవరున్నారు? ఆ నవంబరు ఉత్తరం కాల్చేశావో లేదో ఒక్క ముక్క రాయి, మనసు కుదుటపడుతుంది.

తమ్ముడు,
టారస్


డన్‌మీర్
ఏప్రిల్ 7

టారస్,

నీ నవంబరు ఉత్తరం ఇందులో పెట్టాను. కాల్చుకునేది నువ్వు. ఆ పని కూడా నాచేత చేయించుకోకు.

ఆదివారం సవాట్స్కీ వాళ్లింటికి వెళ్లి, ఆ రోజు నేనేం చేస్తున్నానో టామ్సిన్‌కి చెప్పాను. అంతా విని తలుపు వేసుకుంది. ముప్ఫై ఒక్క నంబర్లూ మళ్లీ కాగితం మీద రాసి గోడకి అంటించాను, పాత మచ్చ మీదే. యంత్రం పక్కన కుర్చీలో కూర్చుని ఎదురుచూడొద్దని కొత్తావిడకి మొదట నేర్పింది అదే. తీసెయ్యమని మీ విభాగం నుంచి కాగితం వస్తే నీ సంతకంతోనే రావాలి కదా, చూస్తాను.

నువ్వు పంపిన కొత్త కంప్యూటర్ వచ్చింది. ఈ పొద్దున ఆవిడకి చూపించడానికి మీట నొక్కాను. అలవాటుకొద్దీ సొరుగులోంచి కాగితం తీసి పైన ఊరి పేరు రాశాను. నీ పేరు రాసేలోపే అది లేచి కూర్చుంది.

ఈ నాలుగు ముక్కలూ ఇంటికొచ్చి రాశాను. ఇక నీకు రాసే తీరిక నాకు దొరకదు.

వెర్నా